ఊళ్లో మిగిలిన నాలుగోవాడికి

చిరంజీవులకు,

ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీ క్షేమం తెలియజేయవలెను అని మొదలుపెట్టడం మా తరానికి అలవాటు. ఈ ఉత్తరానికి ఆ వాక్యం కుదరదు. మీరూ ఇక్కడే ఉన్నారు. హైదరాబాదు, బెంగుళూరు, డల్లాస్ వెళ్లినవాళ్లకు బుద్ధులు చెప్పేవాళ్లు కావలసినంతమంది ఉన్నారు, వాళ్ల మీద సినిమాలూ వస్తుంటాయి. నేను రాస్తున్నది నలుగురు స్నేహితుల్లో ముగ్గురు వెళ్లాక ఊళ్లో మిగిలిన ఆ నాలుగోవాడికి, ఆ నాలుగో అమ్మాయికి. నాన్న కొట్టు చూసుకుంటున్నవాళ్లు, అమ్మకు ఒంట్లో బాగోక ఆగిపోయినవాళ్లు, బ్యాక్‌లాగులు తీరక ఆగినవాళ్లు, అసలు వెళ్లాలనే అనిపించనివాళ్లు, అందరూ ఇందులోకే వస్తారు.

మీ కథను అమెరికావాళ్లు పిల్లల బొమ్మల సినిమాగా తీశారు. దాని ముగింపు గురించి మీతో మాట్లాడాలని ఉంది.

సినిమా పేరు ‘రాల్ఫ్ బ్రేక్స్ ది ఇంటర్నెట్’. డిస్నీ వాళ్లది, 2018 నవంబరులో వచ్చింది. దర్శకులు రిచ్ మూర్, ఫిల్ జాన్‌స్టన్. 2012లో వచ్చిన ‘రెక్-ఇట్ రాల్ఫ్’కి ఇది రెండో భాగం. మనవరాలు పట్టుబడితే రెండూ చూశాను. రెండోదాని ముగింపు ఆ పిల్లకు నచ్చలేదు. నాకు నచ్చింది. మా ఇద్దరి మధ్య ఆ తగవు ఇంకా తేలలేదు.

చూడనివాళ్ల కోసం కథ చెబుతాను. లిట్వాక్ అనే పెద్దాయన నడిపే వీడియోగేమ్ పార్లరు. నాణెం వేసి ఆడే పాతకాలపు పెట్టెలు. రాత్రి తలుపులు మూశాక ఆ ఆటల్లోని బొమ్మలన్నీ కరెంటు తీగల గుండా ఒక చోట కలుసుకుంటాయి. రాల్ఫ్ తన ఆటలో విలన్. పొద్దస్తమానం మేడ పగలగొడతాడు, ఫీలిక్స్ అనేవాడు వచ్చి బాగుచేస్తాడు, అందరూ కలిసి రాల్ఫ్‌ని మేడ మీంచి బురదలో పడేస్తారు. అదీ ఉద్యోగం. వానెలొపీ ‘షుగర్ రష్’ అనే కార్ల పందెం ఆటలోని చిన్నపిల్ల. ఎవరికీ అక్కర్లేని వీళ్లిద్దరూ మొదటి సినిమాలో ఒకరికొకరు దొరుకుతారు. బిస్కట్టుతో పతకం చేసి, నువ్వే నా హీరోవని రాసి, ఆ పిల్ల అతని మెడలో వేస్తుంది.

రెండో సినిమా మొదలయ్యేసరికి ఆరేళ్లు గడిచాయి. రాల్ఫ్‌కి ఏ లోటూ లేదు. పగలు పని, రాత్రంతా ఆ పిల్లతో కబుర్లు. ఇంతకన్నా ఏం కావాలంటాడు. పిల్లకు మాత్రం తన ఆటలో ఏ మలుపు ఎక్కడుందో కంఠతా వచ్చేసింది. ఆమెను సంతోషపెడదామని రాల్ఫ్ షుగర్ రష్‌లోకి దూరి కొత్త దారి వేస్తాడు. బయట ఆడుతున్నవాళ్లు ఒకవైపు తిప్పుతుంటే కారు ఇంకోవైపు పోయి, పెట్టెకున్న స్టీరింగు ఊడి చేతికొస్తుంది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఈబేలో ఒకటి ఉంది, 200 డాలర్లు. ఈ పెట్టె మీద ఏడాదికి వచ్చేదానికన్నా అదే ఎక్కువని లిట్వాక్ ప్లగ్గు పీకేస్తాడు.

స్టీరింగు కోసం ఇద్దరూ కొత్తగా పెట్టిన వైఫై లోంచి ఇంటర్నెట్టులోకి దూకుతారు. వేలంలో పాడితే డబ్బు కట్టాలని తెలియక, ఒకరి మీద ఒకరు పాడి పాటను 27,001 డాలర్లకు ఎక్కిస్తారు. (మా వైపు చేపల చెరువుల వేలంపాటల్లో ఇలాంటి ఇద్దరు ఎప్పుడూ ఉంటారు.) ఆ డబ్బు కోసం రాల్ఫ్ వీడియోలు చేస్తాడు. మేకలా అరుస్తాడు, ఘాటు మిరపకాయ తిని గగ్గోలు పెడతాడు. జనం గుండె గుర్తులు కొడతారు, కింద కామెంట్లలో బూతులూ తిడతారు. ఏమైతేనేం, డబ్బు వస్తుంది, స్టీరింగు కొంటాడు. ఈలోగా వానెలొపీ ‘స్లాటర్ రేస్’ అనే ఆన్‌లైన్ ఆట చూసింది. పొగ, మంటలు, కాలవలోంచి ఎగిరే సొరచేప, మలుపు తిరిగితే ఏముందో తెలియని ఊరు. అక్కడ షాంక్ అనే గొప్ప డ్రైవరు. తనకు అక్కడే ఉండిపోవాలనుందని ఆ పిల్ల షాంక్‌తో చెబుతుండగా ఆ మాట రాల్ఫ్ చెవిన పడుతుంది.

ఇక్కణ్నుంచి మీ కథ.

రాల్ఫ్ ఏం చేశాడు? ఇంటర్నెట్టు అట్టడుగున ఉండే డబుల్ డాన్ అనేవాడి దగ్గరికి వెళ్లి ఒక వైరస్ తెచ్చుకున్నాడు. ఆమెకు హాని చేయాలని కాదు. ఆ ఆట కాస్త నెమ్మదిస్తే విసుగొచ్చి ఇంటికి వచ్చేస్తుందని. ఆ వైరస్ పని లోపం ఎక్కడుందో వెతికి, దాన్ని అచ్చు తీసి అంతటా చల్లడం. ముందు వానెలొపీలోని లోపాన్ని పట్టుకుని ఆటనే కూల్చేసింది. ఆ పిల్ల కొద్దిలో బతికి బయటపడింది. నిజం తెలిశాక పతకాన్ని విసిరికొట్టింది. అది రెండు ముక్కలైంది. తర్వాత ఆ వైరస్ రాల్ఫ్‌ని చూసింది. అతని లోపం ఏమిటి? ఈ పిల్ల లేకపోతే తనకెవరూ లేరన్న భయం. దాన్ని అచ్చు తీసింది. వేలకు వేల రాల్ఫులు పుట్టి, ఆమె కోసం వెతుక్కుంటూ ఇంటర్నెట్టంతా ధ్వంసం చేశాయి. ఒకదాని మీదొకటి ఎక్కి కొండంత రాల్ఫ్‌గా నిలబడ్డాయి.

పిల్లల సినిమాల్లో రాక్షసులను చాలామందిని చూశాను. ఆ రాక్షసుడికి మాత్రం ఎవరి మీదా కోపం లేదు. పిల్లను పట్టుకుని గుండెకు హత్తుకోవాలి, అంతే. అందుకే నాకు వాణ్ని చూస్తే ఒళ్లు జలదరించింది.

ఆఖరికి ఆ పిల్ల, రాల్ఫ్‌ని కాపాడటం కోసం, సరే నీతోనే ఉండిపోతానని కొండకు లొంగిపోతుంది. అసలు రాల్ఫ్ అప్పుడు నోరు తెరుస్తాడు. ఇలా పట్టుకుని వేలాడటం తప్పు, నీ కోసం ఆమె తన కలలు మానుకోవడమేమిటి, వదిలెయ్, కొంచెం నొప్పిగానే ఉంటుంది అని తన మొహంతోనే ఉన్న ఆ కొండకు చెబుతాడు. కొండ విడిపోయి మాయమవుతుంది. వానెలొపీ స్లాటర్ రేస్‌లో ఉండేలా, అక్కడ కారు బోల్తాపడినా మళ్లీ లేచేలా షాంక్ ఆమె కోడ్‌ని ఆటలో చేరుస్తుంది. విరిగిన పతకంలో సగం రాల్ఫ్ ఆమెకిస్తాడు, సగం తను ఉంచుకుంటాడు. పార్లరుకు ఒక్కడే తిరిగి వస్తాడు.

ఈ ముగింపు మీద చాలామందికి ఒక ఫిర్యాదు ఉంది, మా మనవరాలిదీ అదే. మొదటి సినిమాలో టర్బో అనేవాడు తన ఆట వదిలి వేరే ఆటలోకి చొరబడతాడు. రెండు పెట్టెలూ పాడై మూలపడతాయి. సొంత ఆట వదిలిపోవడం మహాపాపమని ఆ సినిమా అంతా చెప్పి, రెండోదానికి వచ్చేసరికి వానెలొపీ వదిలిపోతే చప్పట్లు కొట్టమంటారేమిటని. నాకు ఇందులో తేడా స్పష్టంగానే కనిపిస్తుంది. టర్బో వెళ్లింది ఎదుటి ఆట మీద జనం చూపు పడిందన్న కుళ్లుతో. వెళ్లి ఆ ఆటను చెడగొట్టాడు, తనదీ ఆగిపోయింది. వానెలొపీ వెళ్లాక షుగర్ రష్ ఆగలేదు, స్టీరింగు బిగించాక మిగిలిన పిల్లలు పందేలు వేసుకుంటూనే ఉన్నారు. నిజానికి రెండో సినిమాలో టర్బో పని చేసింది రాల్ఫ్. తనది కాని ఆటలోకి వెళ్లి దాన్ని కూల్చింది అతనే. పోయినవాళ్లకన్నా ఉండిపోయినవాడే ఎక్కువ విధ్వంసం చేయగలడని చూపించారు చూశారూ, అది నాకు కొత్తగా ఉంది.

ఇంకోటి గమనించండి. మొదటి సినిమాలోనూ రాల్ఫ్ ఇలాంటి పని ఒకటి చేశాడు. పందెంలో దిగితే ఆ పిల్ల ప్రాణానికే ముప్పని ఎవడో చెబితే నమ్మి, ఆమె ముచ్చటపడి చేసుకున్న కారును ఆమె కళ్లముందే ముక్కలు చేశాడు. రెండుసార్లూ ఆమె మంచికే అనుకున్నాడు. రెండుసార్లూ ఆమెను ఒక్క మాట అడగలేదు.

మీరెవరూ వైరస్‌లు పంపరు, నాకు తెలుసు. మీరు పంపేవి వేరు. ‘పెద్దోడివైపోయావ్ రా’, ‘మేమిప్పుడెందుకు గుర్తుంటాంలే’, ‘మీ అమ్మ నిన్న ఏడ్చింది, నీకు చెప్పొద్దంది’. అర్ధరాత్రి వాట్సాప్‌లో ఒకటి పడుతుంది. నీలం గీతలు వస్తాయి, జవాబు రాదు. ఇంకోటి పడుతుంది. అవతలివాడు ఆఫీసు మీటింగులో ఉంటాడు, లేదా కార్లో ఉంటాడు, లేదా నిజంగానే జవాబు చెప్పడం ఇష్టంలేక ఊరుకుంటాడు. మీరు పంపే ఒక్కొక్క మెసేజీ ఒక చిన్న రాల్ఫ్. అవి పేరుకుంటాయి.

నాకు ఈ సంగతి సినిమా చూడకముందే తెలుసు. పాలకొల్లులో బస్టాండు దగ్గర నాకు ఎస్.టి.డి. బూత్ ఉండేది. పసుపు బోర్డు, అద్దాల గది, ఎర్ర అంకెలు తిరిగే మీటరు, మాట్లాడ్డం అయ్యాక టకటకా కొట్టే బిల్లు. రాత్రి పదకొండు దాటితే పావు ఛార్జీ కాబట్టి అప్పుడే రద్దీ. ఇప్పటివాళ్లు ఆ ఫోన్లలో ఏదో ప్రేమాభిమానాలు పొంగిపొర్లేవని ఊహిస్తారు. అదేం లేదు. మనియార్డరు అందిందా, రైలు ఎన్నింటికి, చిన్నోడికి జ్వరం తగ్గింది, ఉంటాను. మీటరు మీద ఒక కన్ను వేసి మాట్లాడేవాళ్లు.

ఒక కుర్రాడు వచ్చేవాడు. వాడి స్నేహితుడు బొంబాయిలో ఏదో కంపెనీలో చేరాడు. వీడు వారానికి రెండు మూడు రాత్రులు వచ్చి, వరుసలో నిలబడి, ఆ స్నేహితుడు ఉండే రూముల ఓనరు ఇంటికి చేసేవాడు. మొదట్లో గంటలతరబడి మాటలు. తర్వాత తర్వాత ఫోను ఎత్తినవాళ్లు ‘లేడు’ అనేవాళ్లు. వీడు నంబరు తిప్పీ తిప్పీ, ఆ ఒక్క మాటకే ఒక కాల్ డబ్బు కట్టి వెళ్లేవాడు. కొన్నాళ్లకు రావడం మానేశాడు. నేను వెళ్లి ఓదార్చిందీ లేదు, బుద్ధి చెప్పిందీ లేదు. బూత్ యజమాని పని అది కాదు. తర్వాత వాడు మా వీధి చివర మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ బొంబాయివాడు సంక్రాంతికి వస్తే వాడి షాపు ముందు బల్ల మీదే పొద్దంతా కూర్చుంటాడు. ఇద్దరికీ జుట్టు నెరిసింది. వీడు రాగితీగ చుడుతూనే ఉంటాడు, లేచి మర్యాదలు చేయడు. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలియదు. వైండింగ్ నేర్చుకోవడం అందులో ఒక భాగమని నా అనుమానం. వాడికి చేతినిండా పని వచ్చింది, ఎదురుచూడ్డానికి తీరిక తగ్గింది.

ఆ కుర్రాడికి ఒక వెసులుబాటు ఉండేది, మీకు లేదు. బూత్ మూసేస్తే అయిపోయేది. ‘డిజిమాన్ అడ్వెంచర్’ అని జపానువాళ్ల పిల్లల సీరియల్ ఒకటి ఉంది, 1999లో మొదలై 2000 మార్చిలో 54 ఎపిసోడ్లతో ముగిసింది. కంప్యూటర్ల లోపల ఉండే లోకంలోకి పిల్లలు వెళ్తారు, అక్కడి జీవులతో స్నేహం చేస్తారు. ఆఖర్న దారి మూసుకుపోతోందని ట్రాము ఎక్కి వచ్చేస్తారు. మిమీ అనే పిల్ల టోపీ గాలికి ఎగిరి ఆ లోకంలోనే ఉండిపోతుంది. చూసినవాళ్లు బాగా ఏడుస్తారు. ఏడ్చి, మొహం కడుక్కుని, అన్నం తింటారు. దారి మూసుకుపోయింది కదా, ఇక చేసేదేం లేదు. రాల్ఫ్ కథలో ఆ సౌకర్యం లేదు. తలుపు మూసుకోదు. వైఫై రాత్రీ పగలూ ఉంటుంది. వానెలొపీ ఒక్క ఫోన్ కాల్ దూరంలో ఉంటుంది, ఎవరితో తిరుగుతోందో కనిపిస్తూ ఉంటుంది. మీ స్నేహితుడు నిన్న ఎక్కడ భోంచేశాడో, ఎవరి భుజం మీద చేయి వేసి ఫొటో దిగాడో మీకు తెలుసు. దూరమైనవాణ్ని రోజూ చూస్తూ దూరంగా ఉండాలి. ఇంత కష్టం మా తరానికి లేదు. అందుకే ఈ ముగింపు మీ కాలానికి సరిపోయిందని నా మట్టుకు నాకు అనిపిస్తుంది. రాల్ఫ్ వానెలొపీని మరిచిపోడు, ఆమె నంబరు తీసేయడు, అలిగి కూర్చోడు. ఎప్పుడో ఒకసారి మాట్లాడుకుంటారు. తక్కిన వేళల్లో తన బతుకు తను బతుకుతాడు.

అసలు చిక్కంతా ఆ ‘తక్కిన వేళల్లో’ ఉంది. సినిమావాళ్లు అక్కడే పిసినారితనం చూపించారు. వానెలొపీ కల కోసం ఒక నగరాన్నే కట్టారు, ఆ కల మీద ఒక పాట కూడా పెట్టారు, ఇంకో సీన్లో ఆమె చుట్టూ డిస్నీ రాకుమార్తెలందరినీ నిలబెట్టారు. రాల్ఫ్ తిరిగి వచ్చాక ఎలా బతికాడన్నదానికి ఇచ్చింది ఆఖరి రెండు మూడు నిమిషాలు. పార్లరులో మిగతావాళ్లతో కలిసి పుస్తకాలు చదివే బృందంలో చేరాడు. వారానికొక రాత్రి ఒక్కో ఆటలో అందరూ కలుస్తున్నారు. అంతే చెప్పి, వానెలొపీతో ఫోన్లో మాట్లాడించి, ముగించారు. నాకు ఆ పుస్తకాల బృందం కావాలి! గోడలు పగలగొట్టే ఆ భారీ మనిషి, తొమ్మిదడుగులవాడు, మొదటిరోజు అక్కడికి వెళ్లి ఎక్కడ కూర్చున్నాడు? చదివిందేమిటో అర్థంకాకపోతే ఏం చేశాడు? ముందు అలవాటుగా ఆ పిల్లతో తాగే రూట్ బీర్ దుకాణానికి ఒంటరిగా వెళ్లాడా, కొన్నాళ్లు ఆ దారినే మానేశాడా? ఆ పార్లరులో వాళ్లంతా ముప్ఫై ఏళ్లుగా పక్కనే ఉన్నారు. వాళ్లను అతను ఇప్పుడు చూశాడు. దీని మీద ఒక సినిమా తీయొచ్చు. తీయరు, పేలుళ్లు ఉండవు కనక.

రాల్ఫ్‌ని ‘నువ్వు కూడా వెళ్లు, ఇక్కడేం ఉంది’ అని ఆ సినిమా ఒక్కసారి కూడా అనదు. ఈ మర్యాద నాకు చాలా నచ్చింది. అతనికి తన ఆట ఇష్టం. పొద్దున్నే మేడ పగలగొట్టడం ఇష్టం. తప్పు అక్కడ లేదు. ఉన్న బరువంతా ఒక్క మనిషి మీద మోపాడు, అదొక్కటే దిద్దుకోవలసి వచ్చింది. మన పెళ్లిళ్లలో బంతి వడ్డిస్తూ ఉంటే ‘ఇంకా ఇక్కడే ఉన్నావుట్రా’ అని అడిగే పెద్దమనుషులకు ఆ సినిమా చూపించాలి. వడ్డించేది ఎవరనుకుంటున్నారో వాళ్లు.

ఆ మాటకొస్తే, మీరేం చేస్తున్నారో మీకే లెక్క లేదు. డల్లాస్‌లో ఉన్నవాడు మనకు అర్ధరాత్రి, వాడికి మిట్టమధ్యాహ్నం అయ్యే వేళ ఫోను చేసి, నాన్నకు గుండెల్లో నొప్పంటున్నాడు, కాస్త వెళ్లి చూడరా అంటాడు. బండి తీసేది మీరు. ఆటోలోంచి దింపి, చీటీ రాయించి, ఐసీయూ బయట ఇనపకుర్చీలో తెల్లార్లూ కూర్చునేది మీరు. వాళ్లమ్మ పెన్షను కోసం ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇప్పించేది, గ్యాసు కనెక్షనుకు వేలిముద్ర వేయించేది, పాసుపుస్తకం కోసం తాసిల్దారు ఆఫీసు చుట్టూ తిరిగేది, గోదావరికి వరదొస్తే వాళ్ల ఇంట్లో మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టేది, అన్నీ మీరే. ఒక ఇల్లు మీది, మూడు ఇళ్లు వాళ్లవి. నేను ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఇంత చేసినవాడికి తన బతుకు ఖాళీ అనిపించడం నాకు వింతగా ఉంటుంది. ఖాళీ కాదది. చూసేవాడు లేక అలా అనిపిస్తుంది. ఒక్క మాట మాత్రం. చేసిన పనిని తాడుగా పేని వాళ్ల మెడకు కట్టకండి. ‘మీ నాన్నను నేను చూశాను కాబట్టి నువ్వు నాకు ఫోను చెయ్యాలి’ అన్నప్పుడు, పాపం, మళ్లీ ఆ కొండ లేస్తుంది.

మీకు రాల్ఫ్ కన్నా మంచి తోడు ఇంకో సినిమాలో ఉంది. ‘సమ్మర్ వార్స్’, 2009, జపాను దర్శకుడు మమోరు హొసొదాది. అందులోనూ ఇంటర్నెట్టులో ఓజ్ అనే మహాలోకం ఉంటుంది, ఒక దుష్ట ప్రోగ్రామ్ దాన్ని ఆక్రమిస్తుంది, ఊళ్లలో రోడ్లు, ఆసుపత్రులు, నీళ్లు అన్నీ అతలాకుతలం. నాగానో వైపు ఉఎదా అనే ఊళ్లో పాతకాలపు పెద్ద లోగిలి. అక్కడ సకాయె అనే ముసలావిడ, తొంభయ్యో పుట్టినరోజుకు సిద్ధమవుతున్న మనిషి. ఆమె ఎక్కడికీ వెళ్లదు. పాత ఉత్తరాల కట్టలు ముందేసుకుని, డయలు తిప్పే ఫోను దగ్గర కూర్చుని, తెలిసినవాళ్లందరికీ ఒక్కొక్కరికే చేస్తుంది. అధికారులకూ, మనవలకూ, నువ్వు చేయగలవు, వెళ్లు, చెయ్యి అంటుంది. అందరూ వెళ్లిపోయిన ఇంట్లో ఉండిపోయిన మనిషి ఎంతమందికి ఊతమో ఆ ఒక్క సీన్లో కనిపిస్తుంది. తర్వాత ఆమె చనిపోతుంది. ఒక ఉత్తరం రాసిపెట్టి పోతుంది. ఇంట్లోంచి ఎప్పుడో వెళ్లిపోయి, పేరు చెడగొట్టుకున్న వాబిసుకె అనేవాడు తిరిగొస్తే వాడు ఆకలితో ఉంటాడు, తిండి పెట్టండి అని అందులో ఉంటుంది. ఎందుకు వెళ్లావు, ఇన్నాళ్లూ ఏమయ్యావు అని అడగమనలేదు. అందరూ కలిసి కూర్చుని తినమంది. అది నాకు చాలా నచ్చిన ముగింపు, అయితే అక్కడికి చేరడానికి తొంభై ఏళ్లు పడుతుంది. మీ వయసులో రాల్ఫ్ అయితే చాలు.

ఇక వెళ్లినవాళ్లకు. ఈ ఉత్తరం ఎలాగూ ఫార్వర్డు అవుతుంది, మీ దాకా వస్తుంది, కనక నాలుగు వాక్యాలు. వానెలొపీ వెళ్లాలనుకోవడంలో ఏ తప్పూ లేదు. వెళ్లాలనుందని ముందు షాంక్‌కి చెప్పి, రాల్ఫ్‌కి చెప్పకపోవడం తప్పు. అంత గొడవా అక్కడ పుట్టింది. అతను బాధపడతాడని దాచింది, అతను చాటునుంచి విని ఇంకా ఎక్కువ బాధపడ్డాడు. వీసా వచ్చిన సంగతి మీ నాలుగోవాడికి ఇన్‌స్టాగ్రామ్‌లో తెలియనివ్వకండి. బల్ల మీద టీ గ్లాసు పెట్టి, ఎదురుగా కూర్చుని, ముందు వాడికి చెప్పండి. వాడు ఆ రోజు సరిగ్గా మాట్లాడకపోవచ్చు. పర్వాలేదు. ఫోను చేసినప్పుడు వాళ్ల నాన్న సంగతీ, వాడి కొట్టు సంగతీ అడగండి. మీ అపార్ట్‌మెంటు స్విమ్మింగ్‌పూలు తర్వాత చూపించొచ్చు. నాలుగు వాక్యాలన్నాను, ఎక్కువే అయ్యాయి.

మళ్లీ మీ దగ్గరికి. పుస్తకాల బృందం అన్నాను కదా. మా ఊళ్లో శాఖా గ్రంథాలయం సాయంత్రం పూట తెరిచే ఉంటుంది, పేపర్లు చదివే మాలాంటి ముసలివాళ్లు తప్ప మనిషి కనపడడు. మీలో నలుగురు వస్తారా? పుస్తకం మీ ఇష్టం. డిటెక్టివ్ నవలైనా ఫరవాలేదు, నేను వాటిలోనే పెరిగాను. చదవకుండా వచ్చినా ఊరుకుంటాను, పకోడీల కోసం వచ్చినా ఊరుకుంటాను. ఫోన్లు జేబులో ఉండనివ్వండి, మోగితే తీయండి. డల్లాస్ వాడు కావచ్చు. ఆదివారం కుదరదు, నాకు మధ్యాహ్నం నిద్ర. శనివారం ఆరింటికి పెట్టుకుందాం. మీ ఊరు వేరైతే మీ ఊళ్లో మీరు పెట్టుకోండి, ఏం చదివారో నాకు ఒక కార్డు ముక్క రాయండి.

ఇట్లు,
మీ మేలు కోరే,
బస్టాండు దగ్గర ఎస్.టి.డి. బూత్ తాతయ్య,
పాలకొల్లు.

తా.క. సినిమా అయిపోయిందని లేచిపోకండి. పేర్లు పడుతుండగా మధ్యలో ఒక సీను వస్తుంది. రాల్ఫ్ ఒక చిన్నపిల్ల ఆడుతున్న గేములోకి దూరి, కుందేలుకు అట్లు కుక్కి కుక్కి పెడతాడు, అది కాస్తా పేలిపోతుంది. పూర్తిగా అయ్యాక ‘ఫ్రోజెన్ 2’లోంచి ఒక ముక్క ముందుగా చూపిస్తామంటారు. మా మనవరాలు ఊపిరి బిగబట్టి కూర్చుంది. తీరా చూస్తే రాల్ఫ్ తెరమీదికొచ్చి 1987 నాటి రిక్ ఆస్ట్‌లీ పాట అందుకున్నాడు. ఇంటర్నెట్టులో ఒకరినొకరు బకరా చేసుకునే పాట అదేనట. ఆ పిల్లకు ఒళ్లుమండింది, నాకు మాత్రం ఆ కాలపు పాట కాబట్టి బాగానే ఉంది.